సీతమ్మ మెడలో మూడో సూత్రం



పెళ్ళి పీటల దగ్గర ప్రవర చదివేటప్పుడు మనలో ఎంతమందిమి చెవి పెట్టి వింటాం చెప్పండి? పంతులుగారు ఫలానా గోత్రం, ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అని గబగబా చెప్పుకుపోతుంటారు. మనమేమో వడ్డనకి ఆకులు చాలతాయా, వియ్యాలవారికి కాఫీలు అందాయా అన్న హడావుడిలో ఉంటాం. పైగా ఆ ప్రవరలో అన్నీ తాత ముత్తాతల పేర్లే. అమ్మమ్మ పేరు గానీ నాయనమ్మ పేరు గానీ వినబడదు కదా, మనకెందుకులే అనిపిస్తుంది.

ఈ వారం మా ఖమ్మం జిల్లా మనిషి ఒకాయన ప్రవర చెబుతాను. ఆయన పేరు మీకు కొత్త కాదు. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అదేనండీ, భక్త రామదాసు. పాటలు మనందరికీ వచ్చు. సినిమాలూ చూశాం, 1964లో చిత్తూరు నాగయ్యగారిదీ, 2006లో నాగార్జునదీ. కానీ ఆయన ఎవరి బిడ్డ, ఎవరి మేనల్లుడు, ఆయన జైల్లో ఉంటే ఇంట్లో ఆడవాళ్ళ గతి ఏమిటి, ఈ సంగతులు మాత్రం పాట చాటున ఉండిపోయాయి.

కంచర్ల వారి ఇల్లు

ఖమ్మం నుంచి కోదాడ వెళ్ళే దారిలో నేలకొండపల్లి అని ఊరు ఉంది. పాత ఊరు. అక్కడ పెద్ద బౌద్ధ స్తూపం ఉంది, విరాటరాజు కొలువు అక్కడే ఉండేదని కూడా చెప్పుకుంటారు. గోపన్న పుట్టింది ఆ ఊళ్ళోనే, 17వ శతాబ్దంలో. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగి బ్రాహ్మల కుటుంబం. ఊళ్ళో ఆయన పేరు మీద ధ్యానమందిరం ఉంది.

ఈ వివరాలు ఎవరో కల్పించి రాసినవి కావు. గోపన్నే తన దాశరథి శతకంలో చెప్పుకున్నాడు. తాను లింగమంత్రి కొడుకుననీ, అత్రి గోత్రంవాడిననీ, కంచర్ల కులంలో పుట్టినవాడిననీ ఒక పద్యంలో పెట్టాడు. అంటే తన ప్రవర తానే చదువుకున్నాడన్న మాట. చిన్నప్పుడు బళ్ళో ఆ శతకం పద్యాలు బట్టీపట్టినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. ఆ పద్యం మాత్రం పాఠంలో పెట్టినట్టు లేదు.

గురువు రఘునాథ భట్టరు అనే వైష్ణవ పండితుడని చెబుతారు. కబీరుదాసు వచ్చి రామమంత్రం ఉపదేశించాడని ఇంకో కథ ఉంది. ఉత్తరాది కబీరు 15వ శతాబ్దంవాడు, గోపన్నకి ఎంతో ముందే కాలం చేశాడు. కాబట్టి ఈ కబీరు ఆ పేరున్న వేరే ఫకీరు అయి ఉండాలి. ఎవరైతేనేం, ఒక ముస్లిం ఫకీరు చెప్పిన రామనామాన్ని నియోగి బ్రాహ్మల అబ్బాయి మంత్రంగా తీసుకున్నాడని మనవాళ్ళు ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఆ మాట నాకు ఇష్టం.

మేనమామల చలవ

మన ఇళ్ళల్లో అబ్బాయికి ఉద్యోగం వస్తే "మేనమామ చలవ" అంటాం. గోపన్న విషయంలో అది అక్షరాలా నిజం. గోల్కొండ నవాబు దగ్గర మంత్రులు అక్కన్న, మాదన్న ఆయనకి మేనమామలని చెబుతారు. వాళ్ళది హనుమకొండ ప్రాంతమట. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా గద్దెనెక్కాడు. మనం తానీషా అని పిలుచుకునేది ఆయన్నే. ఆయన హయాంలో మాదన్న ప్రధానమంత్రి అయ్యాడు. అన్న అక్కన్న ఆయనకి అండ. 1677లో శివాజీ మహారాజు గోల్కొండకి వచ్చినప్పుడు రాజ్యవ్యవహారాలు నడుపుతున్నది ఈ అన్నదమ్ములే. హైదరాబాదు హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉంది కదా, బోనాల పండగకి పేపర్లో ఫొటో వస్తుంది, ఆ పేరు వీళ్ళదే.

అలాంటి మేనమామలు ఉండగా ఉద్యోగానికి కొదవేముంది? గోపన్నకి పాల్వంచ పరగణా తహసీల్దారు పని దొరికింది. ఇప్పుడు పాల్వంచ అంటే కరెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. అప్పుడది అడవి అంచు. ఊళ్ళు తిరిగి శిస్తు వసూలు చెయ్యాలి, లెక్క రాయాలి, డబ్బు గోల్కొండకి పంపాలి. అదీ ఉద్యోగం.

తాటాకు పందిట్లో రాముడు

ఇక్కడ కథలోకి ఒక ఆడమనిషి వస్తుంది. ఏ ప్రవరలోనూ ఈవిడ పేరు ఉండదు గానీ ఈవిడ లేకపోతే భద్రాచలమే లేదు. పేరు పోకల దమ్మక్క. గోదావరి ఒడ్డున భద్రారెడ్డిపాలెం అనే గూడెంలో ఉండే గిరిజన స్త్రీ. ఆవిడకి కలలో రాముడు కనిపించి కొండమీద పుట్టలో ఉన్నానని చెప్పాడట. తెల్లారి వెళ్ళి, గోదావరి నీళ్ళు మోసి పుట్టమీద పోసి మట్టి కరిగిస్తే విగ్రహాలు బయటపడ్డాయి. పైన తాటాకుల పందిరి వేసింది. రోజూ అడవిలో దొరికే తాటిపండు నైవేద్యం పెట్టింది.

ఆ రాముణ్ణి చూశారా ఎప్పుడైనా? నాలుగు చేతులుంటాయి. సీతమ్మని ఎడమ తొడమీద కూర్చోబెట్టుకుని ఉంటాడు, పక్కన లక్ష్మణుడు. శంఖం కుడిచేతిలోనూ చక్రం ఎడమచేతిలోనూ ఉంటాయి. మిగతా చోట్ల ఇది తారుమారుగా ఉంటుంది. వైకుంఠ రాముడంటారు.

గోపన్న పరగణా తిరుగుతూ ఇక్కడికి వచ్చి ఈ పందిరి చూశాడు. నెత్తిన కప్పు సరిగా లేని దేవుణ్ణి చూసి గుండె చెరువైంది. గుడి కడదామని ఊళ్ళవాళ్ళ దగ్గర చందాలు ఎత్తాడు. ఆ చందాలు చాలలేదు. చేతిలో ఏముంది? సర్కారు శిస్తు.

పద్దు దగ్గర తేడా

మనం రోజూ పద్దులు రాసుకునేవాళ్ళమే. పాలవాడికి ఇంత, చీటీకి ఇంత, పిల్లల ఫీజులకి ఇంత అని డబ్బాల్లో వేరువేరుగా పెట్టుకుంటాం. చీటీకని తీసిపెట్టిన డబ్బు పండగ చీరకి వాడితే నెలాఖరులో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. గోపన్న వాడిన డబ్బు ఆరు లక్షల వరహాలని చెప్పుకుంటారు. వరహా అంటే సుమారు మూడున్నర గ్రాముల బంగారు నాణెం. లెక్కకట్టి చూడండి, రెండు టన్నుల బంగారం పైమాటే!

ఆ డబ్బుతో గుడి, ప్రాకారం, గోపురం లేచాయి. గోపురం మీది సుదర్శన చక్రం గోదావరిలో స్నానం చేస్తుంటే ఆయన చేతికే దొరికిందని చెబుతారు. దేవుడికి, దేవేరికి, తమ్ముళ్ళకి నగలు చేయించాడు. ఈ నగల లెక్క ఆయనే ఒక కీర్తనలో పాడాడు. సీతమ్మకి చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, రాముడికి కలికితురాయి. కొన్నిటికి ఒక్కొక్క దానికి పదివేలు పట్టిందని కూడా చెబుతాడు. పదివేల వరహాలంటే ముప్పయి అయిదు కిలోల బంగారం ఖరీదు. పాటలో లెక్కకీ కంసాలి దగ్గర లెక్కకీ కొంచెం తేడా ఉంటుందనుకోండి. కానీ దేవుడి ముందు నిలబడి జమాఖర్చు చదివిన భక్తుణ్ణి ఇంకెక్కడ చూస్తాం?

ఆ కీర్తన రాసింది జైల్లో. దెబ్బలు తింటూ, "ఈ నగలు ఎవరబ్బ సొమ్మని పెట్టుకుని తిరుగుతున్నావయ్యా, మీ నాన్న ఇచ్చాడా, మీ మామగారిచ్చాడా" అని అర్థం వచ్చేటట్టు రాముణ్ణే కడిగిపారేశాడు. వెంటనే "దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు" అని బతిమాలుకున్నాడు. మన ఇంట్లో మనవాళ్ళ మీద విసుక్కుని మళ్ళీ మనమే కాఫీ పట్టుకెళ్ళి ఇస్తామే, అచ్చం అలాగ.

మొన్నామధ్య ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. "అక్కా, మా అబ్బాయి తొమ్మిదో క్లాసు. సర్కారు డబ్బు వాడుకున్నవాడు దొంగ కాదా, ఆయనకి పూజలేమిటి అని అడిగాడు. ఏం చెప్పమంటారు?" అని. మంచి ప్రశ్న. పిల్లవాణ్ణి కసరకండి. నాకు తోచింది ఇది. ఆ శిస్తు రైతుల చెమట. దానికి జవాబు అడిగే హక్కు నవాబుకి ఉంది. కాబట్టి తానీషా అడగడం తప్పు కాదు. గోపన్న మీద కూడా చెప్పుకోవలసింది ఒకటుంది. ఆ డబ్బుతో నేలకొండపల్లిలో మేడ కట్టుకున్నాడనీ, భార్య ఒంటిమీద నగలు దిగేశాడనీ శత్రువు కూడా అనలేదు. పట్టుబడ్డాక పారిపోలేదు, వేరేవాళ్ళ మీదకి నెట్టలేదు. శిక్ష పడింది, అనుభవించాడు. మీ అబ్బాయికి రెండు వైపులా చెప్పండి. భక్తి గొప్పదే, పద్దు కూడా గొప్పదే. రెండూ చెబితేనే వాడికి కథ అర్థమవుతుంది.

కమలమ్మ మాట ఎవరు అడిగారు?

గోపన్న భార్య పేరు కమలమ్మ అంటారు. కథల్లో ఆవిడ ఎక్కడ కనిపిస్తుందో తెలుసా? గంజి గుంట దగ్గర.

గోపన్న ఇంట్లో రామభక్తులకి సంతర్పణ జరుగుతోంది. అంతమందికి అన్నం వండితే గంజి ఎంత వస్తుందో మనకి తెలుసు. వార్చిన గంజి ఒక గుంటలోకి వదిలారు. ఆడుకుంటున్న పసివాడు అందులో పడిపోయాడు. సలసలా కాగే గంజి. పంక్తిలో ఉన్న అతిథులు లేచిపోతారని, వాళ్ళ భోజనాలు అయ్యేదాకా తల్లీ తండ్రీ గుండె రాయి చేసుకున్నారట. తరవాత బిడ్డని రాముడి ముందు పెట్టి గోపన్న పాడితే బిడ్డ లేచి కూర్చున్నాడని కథ.

నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. ఈ కథ విన్నప్పుడల్లా నా మనసు మాత్రం గోపన్న పాట మీదకి పోదు. గరిటె పట్టుకుని వడ్డిస్తూనే ఉన్న ఆ తల్లి చెయ్యి ఎంత వణికి ఉంటుందో అనిపిస్తుంది. ఆవిడ ఏమన్నదో ఎవరూ రాసిపెట్టలేదు.

జైలు సంగతీ అంతే. గోల్కొండ కోటలో గోపన్న పన్నెండేళ్ళు ఉన్నాడంటారు. కోటకి వెళ్ళినవాళ్ళకి రామదాసు బందిఖానా చూపిస్తారు. చీకటి గది, గోడమీద ఆయన చెక్కాడని చెప్పే రాముడు, సీత, లక్ష్మణుడు, ఆంజనేయుడి బొమ్మలు. అందరం దండం పెట్టుకుని వస్తాం. పన్నెండేళ్ళంటే మాటలా? ఒడిలో ఉన్న బిడ్డ మీసం వచ్చే ఈడుకి చేరతాడు. మేనమామలు దర్బారులోనే ఉన్నారు, మేనల్లుడు జైల్లో ఉన్నాడు. చుట్టరికం ఉద్యోగం ఇప్పించగలిగింది, తలుపు తీయించలేకపోయింది. ఆ పన్నెండేళ్ళూ పొయ్యి మీదకి బియ్యం ఎక్కణ్ణించి వచ్చాయి, పసుపు కుంకుమలకి ఎవరి గుమ్మం తొక్కింది, ఊళ్ళో అమ్మలక్కలు ఏమని గుసగుసలాడారు? గుడి కట్టాలని ఆయన నిర్ణయం తీసుకున్న రోజు ఆవిణ్ణి ఒక్కమాట అడిగి ఉంటాడా? పెద్ద ఖర్చుకి దిగే ముందు మన ఇళ్ళల్లో మనని అడుగుతున్నారా అనేది కూడా ఆలోచించుకోవలసిన విషయమే.

గోపన్నకి ఆడవాళ్ళ మాట విలువ తెలియదని మాత్రం నేను అనను. రాముడు పలక్కపోతే ఆయన ఎవర్ని పట్టుకున్నాడు? సీతమ్మ తల్లిని. అయ్యవారు ఏకాంతంలో ఉన్నప్పుడు, మంచిగా ఉన్న సమయం చూసి, నా సంగతి ఒకసారి చెవిన వెయ్యమ్మా అని పాడాడు. ఇంటాయనతో పని కావాలంటే ఇల్లాలితో చెప్పించుకోవాలని ఆయనకి బాగా తెలుసు! ఆ కీర్తన వినని తెలుగిల్లు ఉండదు. రేడియోలో పొద్దున్నే భక్తిరంజని పెట్టి పోపు వేసుకునే రోజుల్లో బాలమురళీకృష్ణగారి గొంతులో రామదాసు కీర్తనలు వింటూ ఎన్ని వంటలు చేశామో.

రసీదు కథ, తరవాతి కథ

ఒక అర్ధరాత్రి రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు కుర్రాళ్ళు తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షలూ రాశిపోసి, రసీదు రాయించుకుని, దాన్ని జైల్లో గోపన్న తలగడ దగ్గర పెట్టి మాయమైపోయారని చెప్పుకుంటారు. పన్నెండేళ్ళు ఏడ్చినవాడికి కనిపించని రాముడు, దెబ్బలు కొట్టించినవాడికి కనిపించాడు. అదేం న్యాయం అంటే, పూర్వజన్మలో గోపన్న ఒక చిలకని పంజరంలో పెట్టాడనీ ఆ పాపమే జైలుగా వచ్చిందనీ పెద్దవాళ్ళు సర్దిచెబుతారు.

అక్కణ్ణించి జరిగింది మాత్రం కథ కాదు, చరిత్ర. 1686లో అక్కన్న మాదన్నలని గోల్కొండలోనే చంపేశారు. 1687లో ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించి కోట పట్టుకున్నాడు. తానీషాని దౌలతాబాదు కోటలో ఖైదు చేశాడు. మళ్ళీ ఆయన బయటికి రాలేదు, ఒక డజను ఏళ్ళ తరవాత అక్కడే పోయాడు. గోపన్న జైల్లో ఎన్నేళ్ళో ఇంచుమించు నవాబుకీ అన్నేళ్ళే! అధికారం ఉన్నవాళ్ళ వంశం అలా ముగిసింది. కుతుబ్‌షాహీ పేరు చెప్పే రాజు మళ్ళీ లేడు.

గోపన్న వంశం పెరిగింది వేరే తోవలో. 19వ శతాబ్దం మొదట్లో గుంటూరు నుంచి తూము నరసింహదాసు, ఆయనతో వరద రామదాసు వచ్చి భద్రాచలంలో పూజలు, సేవలు మళ్ళీ గాడిలో పెట్టారు. అంతకుముందే తంజావూరు వైపు త్యాగరాజస్వామి (1767-1847) తన పాటల్లో రామదాసుని తలుచుకున్నాడు. వీళ్ళెవరూ కంచర్ల వారు కారు, రక్తసంబంధం లేదు. అయినా ఆయన వారసులంటే వీళ్ళే అనిపిస్తుంది. ఖమ్మంలో కళాక్షేత్రానికీ, 2017లో పాలేరు దగ్గర మొదలైన ఎత్తిపోతల పథకానికీ కూడా ఆయన పేరే పెట్టారు. శిస్తు డబ్బు గుడికి వాడినాయన పేరుతో రైతుల పొలాలకి నీళ్ళు పారుతున్నాయంటే బాకీ తీరినట్టే లేదూ?

ముత్యాల తలంబ్రాలు, మూడు సూత్రాలు

శ్రీరామనవమి నాడు భద్రాద్రి కల్యాణానికి సర్కారు తరఫున పట్టుబట్టలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. ఈ ఆనవాయితీ తానీషా పెట్టాడంటారు. తరవాత నిజాములూ నడిపారు, ఇప్పటి ప్రభుత్వాలూ నడుపుతున్నాయి. ఇక్కడి తలంబ్రాలు మన ఇంటి తలంబ్రాల్లా పచ్చగా ఉండవు. గులాలు కలుపుతారు కాబట్టి ఎర్రగా ఉంటాయి. అదీ నవాబుల నాటి అలవాటే అంటారు. గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు కూర్చుని వడ్లు గోటితో ఒలిచి తలంబ్రాల బియ్యం తెస్తారు. రోకలి తగలనివ్వరు.

ఇంకో విశేషం చెప్పి ముగిస్తాను. మన పెళ్ళిళ్ళలో పుట్టింటివారి సూత్రం ఒకటి, అత్తింటివారి సూత్రం ఒకటి, రెండు కదా. భద్రాచలంలో సీతమ్మకి మూడు కడతారు. ఒకటి జనకమహారాజు తరఫున, ఒకటి దశరథమహారాజు తరఫున, మూడోది రామదాసు చేయించినది. అంటే రఘువంశం, జనకవంశం, వాటి సరసన నేలకొండపల్లి కంచర్ల వంశం! సూత్రం ఇచ్చేది పిల్లని కన్నవాళ్ళో, కోడలిని చేసుకున్నవాళ్ళో. ఈయన రెండూ కాదు. అయినా మూడు వందల ఏళ్ళకి పైగా ఆ ఇంటి మనిషిగానే లెక్క. ఈసారి టీవీలో కల్యాణం చూసేటప్పుడు పంతులుగారు మూడు సూత్రాలూ ఎత్తి చూపిస్తుంటే, మూడోదానికి దండం పెట్టుకుంటూ కమలమ్మనీ దమ్మక్కనీ కూడా మనసులో తలుచుకోండి.

భద్రాచలం వెళ్ళేవారికి: రైల్లో వస్తే "భద్రాచలం రోడ్డు" స్టేషన్‌లో దిగాలి. అది కొత్తగూడెంలో ఉంది. అక్కణ్ణించి బస్సులో సుమారు 40 కిలోమీటర్లు. స్టేషన్ పేరు చూసి గుడి పక్కనే అనుకోకండి.

పానకం, వడపప్పు: లీటరు నీళ్ళలో 200 గ్రాముల బెల్లం కరిగించి పల్చటి బట్టలో వడకట్టండి. అరచెంచా మిరియాల పొడి, పావుచెంచా శొంఠిపొడి, నాలుగు యాలకులు దంచి కలపండి. రెండు తులసాకులు వెయ్యండి. వడపప్పుకి పెసరపప్పు ఒక గంట నానితే చాలు, మరీ నానితే మెత్తబడిపోతుంది. నీళ్ళు పూర్తిగా ఓడ్చి కొబ్బరికోరు, సన్నగా తరిగిన మామిడికాయ, చిటికెడు ఉప్పు కలపండి. పిల్లలకి ఇచ్చే పానకంలో మిరియాలు సగం తగ్గించండి.